గవదబిళ్ళల గొలుసు

పోయినవారం సింధూజను తార్నాకలో, అత్తవారింటి భోజనాల బల్ల దగ్గర వదిలేసి వచ్చాం. మిగతా వాళ్ళంతా కూర్చుని పప్పుచారు కలుపుకుంటుంటే ఆమె ఒక్కతే నిలబడి, "సోమవారం ఆపరేషన్ జరగదు. నేను ఒప్పుకోను" అంది. మామగారు ప్రొఫెసర్ శ్రీనివాసరావు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. భర్త సాకేత్ పెరుగు గిన్నె వంక చూస్తూ కూర్చున్నాడు. అత్తగారు అమ్మాజీ మాత్రం, "ముందు నువ్వు తినమ్మా, తరవాత పోట్లాడుదువుగాని" అంది. ఆ పూట ఆ ఇంట్లో ఎవరైనా తెలివిగా మాట్లాడారంటే ఆవిడొక్కతే.

గొడవంతా ఏడేళ్ళ కౌముది బుగ్గల గురించి. నాలుగో ఏడు నుంచి ఆ పిల్లకి రెండు దవడలూ సమంగా ఉబ్బుతూ వచ్చాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. పాలపళ్ళు వయసుకి ముందే ఊడిపోయాయి. బుగ్గలు నిండి కింది రెప్పలు లాగినట్టయి, ఎప్పుడూ ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు కళ్ళు పైకి చూస్తాయి. పిల్లల దవడల వైద్యంలో పేరున్న డాక్టర్ అరుంధతి ఎక్స్‌రే తీయించి, ఎముక లోపల తేనెపట్టులా గదులు కట్టాయని చూపించింది. "ఇది చెరుబిజం అనే అరుదైన జబ్బులా ఉంది. వంశంలో వచ్చేదైతే పన్నెండు, పదమూడేళ్ళు దాటాక దానంతటదే ఆగుతుంది, ఎముక మెల్లగా సర్దుకుంటుంది. తిండికీ ఊపిరికీ చూపుకీ అడ్డం రానంతవరకు కత్తి పెట్టక్కర్లేదు. మీ రెండు కుటుంబాల్లో ఇంకెవరికైనా ఉండేదా?" అని అడిగింది. సింధూజ తండ్రికి ఫోన్ చేసి తాతముత్తాతల దాకా ఆరా తీసింది. ఎవరికీ లేదు. శ్రీనివాసరావు డాక్టరమ్మ ఎదుట కుర్చీలో నిటారుగా కూర్చుని, "మా వంశంలో అలాంటిదేమీ లేదు" అన్నారు.

ఎవరికీ లేదంటే ఇది వేరే రకం గడ్డ కావచ్చు. ఆ అనుమానాన్ని పట్టుకుని ఆయన తనకు తెలిసిన ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్ళారు. దవడ ఎముక గీకుతామనీ, ఇంకా మొలవని పళ్ళు కొన్ని లోపలే తీసేయాల్సి రావచ్చుననీ ఆ సర్జన్ చెప్పాడు. సోమవారం పొద్దుటికి గది కూడా ఖాయం చేసుకుని వచ్చారు.

అదొక్కటే అయినా బాగుండేది. "ఇంట్లో ఎవరికీ లేనిది కొత్తగా పుట్టిందంటే కారణం ఉండాలిగా. తల్లి పత్తి చేలో, పురుగుమందుల మధ్య పెరిగింది" అని రెండేళ్ళ కిందటే ఒకనాడు చుట్టాల ముందు అన్నారు. ముప్పై ఏళ్ళు యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పిన మనిషి నోట వచ్చింది కాబట్టి విన్నవాళ్ళందరికీ అది శాస్త్రమైపోయింది. ఆ మాట జనగామ దగ్గర పల్లెలో ఉన్న సింధూజ తండ్రి లక్ష్మీనర్సయ్య దాకా వెళ్ళింది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. చేను కౌలుకిచ్చేశాడు. నెలకోసారి జామపళ్ళ సంచితో తార్నాక వచ్చే మనిషి మనవరాలి మొహం చూడటానికి కూడా రావడం మానేశాడు.

ఇక ఈ శనివారం పొద్దుటి సంగతికి వద్దాం.

ఆ రోజు క్యాంపస్‌లో శ్రీనివాసరావుకి పాత విద్యార్థుల సన్మానం. ఆయన పెందలాడే వెళ్ళిపోయారు. పూలదండలూ, ఫొటోగ్రాఫరూ చూసుకోవడానికి సాకేత్ వెనకాలే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "సింధూ, నువ్వూ కౌముదీ ఇంట్లోనే ఉండండి. అంతమంది జనంలో పిల్లకి ఇబ్బంది" అన్నాడు. ఇబ్బంది నిజానికి ఎవరికో ఆ పిల్లకి కూడా తెలుసు. అది సోఫాలో కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటూ, తలెత్తకుండానే, "నాకేం ఇబ్బంది లేదు డాడీ" అంది. సాకేత్ విననట్టే లిఫ్ట్ నొక్కాడు.

అమ్మాజీ పట్టుచీర కట్టుకుని తయారైంది. కానీ బయల్దేరే మనిషిలా లేదు. బీరువా తెరిచి లోపలి అరలోంచి చిన్న గుడ్డమూట తీసింది. ముడి విప్పి అందులోని బంగారు గొలుసుని కళ్ళకద్దుకుని కౌముది మెడలో వేసింది.

"ఏందత్తయ్యా అది?" వంటింట్లోంచి వస్తూ అడిగింది సింధూజ.

"గవదబిళ్ళల గొలుసమ్మా."

గవదబిళ్ళలు వచ్చిన పిల్లల మెడలో బంగారు గొలుసు వేయడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. సొంతానికి లేకపోతే పక్కింటి నుంచి అడిగి తెచ్చి వేసినవాళ్ళున్నారు. వారం పది రోజులకి వాపు ఎలాగూ తగ్గుతుంది, పేరు బంగారానికి వస్తుంది. సింధూజ పుట్టిన ఊళ్ళోనూ వేసేవాళ్ళు. కాబట్టి ఆమెకి నవ్వు వచ్చింది తప్ప కోపం రాలేదు.

"ఇవి గవదబిళ్ళలు కావు గదా అత్తయ్యా."

"ఏమో తల్లీ, డాక్టర్లకే తలో మాట. రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఇది గుర్తొచ్చింది. కత్తి కంటే బంగారం మేలు కదా, వేసి చూద్దాం. పోయేదేముంది?"

సింధూజ వంగి పిల్ల మెడలోని గొలుసుని వేళ్ళతో ఎత్తి చూసింది. చూడగానే ఏదో తేడాగా అనిపించింది. వెనక భాగం ఎర్రబంగారం, సన్నటి అల్లిక. దాని తరవాత కాస్త ముక్క వేరే అల్లిక. ఆ పైన పచ్చటి బంగారంతో ఇంకో ముక్క. ఒకే గొలుసులో మూడు నాలుగు చోట్ల అతుకులు.

"ఇన్ని అతుకులేంది దీనికి?"

"మీ మామయ్యగారి చిన్నప్పటిది కదూ. ఆయన ఎదిగేకొద్దీ మెడకి బిగుసుకుపోయేదట. అప్పుడల్లా మా అత్తగారు తణుకులో కంసాలి చేత కాస్త కాస్త అతికించేవారు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నా చేతిలో పెట్టి, 'జాగ్రత్త, మన ఇంట్లో పిల్లలకి కావలసొస్తుంది' అన్నారు. నేనే మర్చిపోయాను సుమా."

సింధూజ చేతిలో గొలుసు అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, గవదబిళ్ళలు పది దినాలల్ల పోతయి. మామయ్య ఎప్పటిదాంక ఏసుకున్నరిది?"

"మీసాలు మొలిచేదాకా అనేవారు మా అత్తగారు. మొండి గవదబిళ్ళలట. ఆ తరవాత వాటంతటవే..."

అమ్మాజీ మాట మధ్యలో ఆగిపోయింది. తను ఏం చెబుతోందో ఆవిడ చెవికి అప్పుడు వినపడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు విందో, ఎవరికైనా ఎన్నిసార్లు చెప్పిందో, ఎప్పుడూ దాని మీద ఆలోచన నిలపలేదు. మంచం అంచున కూలబడింది.

"పెళ్ళిచూపులకే గడ్డంతో వచ్చారే ఆయన" అంది మెల్లగా. "ఒక్కసారైనా తీయండీ అంటే, నా మొహానికి అదే అందం అనేవారు. నాకు తెలీదమ్మా సింధూజా. ఒట్టు, నాకు తెలీదు."

"మీకు తెల్వదని నాకెరుకే అత్తయ్యా" అంది సింధూజ. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో వాళ్ళ మాటతీరుకి తన మాటని సర్దుకుంటూ వచ్చింది ఆమె. కోపం వచ్చినప్పుడు మాత్రం పుట్టినూరి మాటే నోటికొచ్చేది. ఇవాళ పొద్దుటి నుంచీ అదే వస్తోంది. ఆమె దాన్ని ఆపదలచుకోలేదు.

పిల్లకి గులాబీరంగు గౌను తొడిగి, జడలు రెండూ బిగించి అల్లింది. తను కట్టుకున్న నూలు చీరతోనే బయల్దేరింది. అమ్మాజీ గుమ్మం దాకా వచ్చి, "నువ్వు నడువు. దేవుడి దగ్గర కాసేపు కూర్చుని నేనూ వస్తాను" అంది. తరవాత గొంతు తగ్గించి, "తగ్గి మాట్లాడకు" అని కూడా అంది.

తార్నాక చౌరస్తాలో ఆటో ఎక్కారు. సిగ్నల్ దగ్గర పక్క స్కూటర్ మీది ఆవిడ కౌముది వంక కళ్ళార్పకుండా చూసింది. కౌముది తల్లి చెవిలో, "మమ్మీ, అక్కడ అందరూ ఇట్లనే చూస్తరా?" అని అడిగింది.

"చూస్తే చూడనియ్. నువ్వు గూడ చూడు వాళ్ళను."

"బడిలో రిత్విక్ గాడు నీ బుగ్గలల్ల ఏమున్నది అని అడిగిండు. లడ్డూలు దాచిన, నీకియ్యను అన్నా."

సింధూజ పకపకా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఈ పిల్లకి ధైర్యం నేర్పాల్సిన పని లేదు, ఉన్న ధైర్యాన్ని ఎవరూ లాక్కోకుండా చూసుకుంటే చాలు అనుకుంది. సోమవారం నాడు ఎవరో ఆ దవడలు తెరిచి, రావలసిన పళ్ళని రాకముందే తీసేస్తారన్న తలపు వచ్చి మళ్ళీ ఒళ్ళు మండింది.

క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు ఎప్పటిలాగే పెళ్ళి కాబోయే జంటలు ఫొటోలు దిగుతున్నాయి. ఆటో వాళ్ళని దాటుకుని సైన్సు కాలేజీ వైపు తిరిగింది. హాలు ముందు శ్రీనివాసరావు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డి పట్టుకున్న ఆడపిల్లలు కౌముదిని చూసి ఒకరినొకరు చూసుకున్నారు. సింధూజ ఆగి, "పన్నీరు చల్లరా మా బిడ్డకు?" అంది. వాళ్ళు గబగబా చల్లారు. కౌముది రెండు చేతులూ పట్టి, మొహానికి పూసుకుంది.

శ్రీనివాసరావు హాలు వెనక తన పాత ల్యాబ్ గదిలో ఒక్కరే కూర్చుని టీ తాగుతున్నారు. కార్యక్రమం మొదలయ్యేదాకా సారు ఇబ్బంది పడకూడదని, ఇప్పటి హెడ్ రవికాంత్ ఆ గది తెరిపించాడు. గోడవారన గాజు సీసాల్లో పాములూ తేళ్ళూ అలాగే ఉన్నాయి. తలుపు తోసుకుని వచ్చిన కోడలినీ మనవరాలినీ చూసి ఆయన కప్పు కింద పెట్టారు.

"ఇక్కడికెందుకొచ్చావమ్మా? సాకేత్ చెప్పలేదా? పిల్లని కూడా..." అంటూ కౌముది మెడ వైపు చూశారు.

"సార్" అంది సింధూజ.

పెళ్ళయిన తరవాత ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. ఎమ్మెస్సీ చదివిన రెండేళ్ళూ ఆమె ఆయన విద్యార్థి. ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు లెక్చరరు.

"మీరు మాకు బఠానీల పాఠం చెప్పింది ఈ పక్క క్లాసులనే సార్. బోర్డు మీద గళ్ళు గీసి, పువ్వు రంగు ఏ మొక్క నుంచి ఏ మొక్కకు వస్తదో చెప్పిన్రు. నేను ముందు బెంచీల కూసున్న. మీరు చెప్పింది చెప్పినట్టు నమ్మిన. గందుకే డాక్టరమ్మ ముందట మీరు లేదంటే గూడ నమ్మిన. మీరు అబద్ధం చెప్తరని నాకు తోచనే లేదు."

"ఈ గొలుసు ఎవరు తీశారు?"

"ఎవరు తీస్తే ఏంది? గవదబిళ్ళలు మీసాలొచ్చేదాంక ఉంటయా సార్? జంతుశాస్త్రం ప్రొఫెసర్‌ను అడుగుతున్న, చెప్పున్రి."

శ్రీనివాసరావు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. అటు తిరిగి నిలబడ్డారు. హాల్లో ఎవరో మైకు తట్టి సరిచేస్తున్నారు. సింధూజ ఆయన్ని తొందరపెట్టలేదు. వెళ్ళిపోనూ లేదు. కౌముది స్టూలెక్కి సీసాలో తేలుని పలకరిస్తోంది.

"బూరెలబుట్ట అనేవారు నన్ను" అన్నారాయన కిటికీలోంచి చూస్తూనే. "తణుకులో మా వీధి పిల్లలు. బళ్ళో మాస్టారు కూడా అలాగే పిలిచేవారు. ఏ పెళ్ళిలోనైనా ఫొటో తీసే వేళకి మా మేనమామ నన్ను పక్కకి పిలిచి, 'ఒరేయ్ శ్రీనూ, మంచినీళ్ళు పట్రా' అనేవాడు. నేను చెంబు పట్టుకుని వచ్చేసరికి ఫొటో అయిపోయేది. మా చిన్నప్పటి ఫొటోల్లో ఎక్కడా నేను లేను. పదిహేనో ఏడు దాటాక బుగ్గలు దిగడం మొదలెట్టాయి. గడ్డం రాగానే పెంచాను, ఇక తీయలేదు. ఆ ఏళ్ళు నా మనవరాలు పడకూడదనుకున్నాను. అందుకే ఆపరేషన్ అన్నాను. అంతే సింధూ. నాకు వేరే దురుద్దేశం లేదు."

సింధూజకి ఆయన మీద జాలి కలిగింది. కలిగిందని ఆమె తరవాత కూడా దాచుకోలేదు. కానీ జాలి కలిగింది కదా అని కోపం పోవాలని ఎక్కడా లేదు.

"మరి ఇయ్యాల మీరు కౌముదిని ఏం తెమ్మని పంపిన్రు సార్?"

ఆయన గిరుక్కున తిరిగారు.

"హాల్ల ఫొటోగ్రాఫర్ ఉన్నడు. మీరందరు నిలబడి ఫొటో దిగుతరు. నా బిడ్డ ఇంట్ల కూసొని బొమ్మలకు రంగులెయ్యాలె. మీ మేనమామ మీకు చేసింది మీరు దీనికి చేస్తున్రు. దీనికి బుగ్గలు బాధ కాదు సార్. దీన్ని పక్కకు జరిపే మనుషులు బాధ."

శ్రీనివాసరావు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు.

"మీకు కత్తి పెట్టిన్రా?" ఆమె ఆపలేదు.

"లేదు. మా నాన్న భయపడి వద్దన్నాడు."

"కత్తి పెట్టకుంటనే తగ్గింది. చదువుకున్నరు, ప్రొఫెసర్ అయిన్రు, బయట ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. ఎట్లుంటదో చెప్పెటందుకు ఈ ఇంట్ల మీకన్నా ఎవరున్నరు? ఒక్క మాట డాక్టరమ్మకు చెప్తే అయిపోయేది. మీరు చెప్పకుంట, సోమవారం నా బిడ్డ దవడ తెరిపిద్దామనుకున్నరు. ఇగో ఫోన్. ఇప్పుడే చెయ్యున్రి."

"కార్యక్రమం అయ్యాక చేస్తానమ్మా."

"కార్యక్రమం ఆగుతది. మీరు లేకుంట వాళ్ళు శాలువా ఎవరికి కప్పుతరు?"

సింధూజ తనే అరుంధతి నంబరు కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల డాక్టరమ్మ గొంతు వినపడగానే శ్రీనివాసరావు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, నేను కౌముది తాతయ్యని. ఆ రోజు మీ దగ్గర అబద్ధం చెప్పాను. చిన్నప్పుడు నాకే ఉండేది. రెండు వైపులా. మా నాన్నమ్మకి కూడా ఉండేదని అనేవారు."

అరుంధతి, "ఆపరేషన్ రద్దు చేసుకోండి" అంది సూటిగా. "మీ నుంచీ, సాకేత్ గారి నుంచీ, పాప నుంచీ రక్తం తీసి జన్యు పరీక్షకి పంపుదాం. కళ్ళూ పళ్ళూ నేను ఎప్పటికప్పుడు చూస్తుంటాను. ఈ మాట మూడు నెలల కింద చెప్పుంటే ఆ తల్లి ఇంత ఏడ్చేది కాదు ప్రొఫెసర్ గారూ."

"నేను ఏడ్వలేదు డాక్టరమ్మా" అంది సింధూజ. ఫోన్ పెట్టేసింది. సోమవారం గండం గడిచింది.

"ఇప్పుడు ఇంకో ఫోన్ సార్. మా బాపుకు."

శ్రీనివాసరావు ఫోన్‌ని పక్కకి జరిపారు. "అది మాత్రం ఇవాళ వద్దమ్మా. ఆయన దగ్గరికి నేనే వెళ్తాను. తీరిగ్గా, మర్యాదగా మాట్లాడతాను."

"చేను ఇడిసిపెట్టి రెండు పంటలు పోయినయి. ఆయన మీద మాట పడ్డప్పుడు మర్యాద చూసిన్రా? నా బిడ్డకు నేనే ఇసం పెట్టిన్నా అని మా బాపు మా అమ్మ ఫొటో ముందట కూసొని అడిగిండట. మీ నోట్ల నుంచి వచ్చిన మాట, సార్. మీ నోటితోనే తీసెయ్యాలె."

అప్పుడే తలుపు తట్టి రవికాంత్ లోపలికి తొంగిచూశాడు. "సార్, అందరూ వచ్చేశారు. మీదే ఆలస్యం" అన్నాడు. చూపు కౌముది దగ్గర ఆగింది. "ఈ పాప...?"

ఈ ప్రశ్నకి ఆ ఇంట్లో వాళ్ళు రకరకాల జవాబులు చెప్పడం సింధూజ విని ఉంది. పాపకి కాస్త ఒంట్లో బాగాలేదండీ అనేవారు. పంటినొప్పి అనేవారు. ఆమె ఈసారి మామగారి వైపు చూస్తూ నిలబడింది.

శ్రీనివాసరావు లేచి స్టూలు దగ్గరికి వెళ్ళి కౌముదిని దింపారు. పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

"నా మనవరాలు రవీ. నా పోలిక" అన్నారు. "వేదిక మీద నా పక్కన ఇంకో కుర్చీ వేయించు."

రవికాంత్‌కి సగం అర్థమై సగం అర్థం కాక, "అలాగే సార్, ఇప్పుడే" అంటూ వెళ్ళాడు. అతను తప్పుకోగానే వెనక నిలబడి ఉన్న సాకేత్ కనిపించాడు. చేతిలో పూలదండ ఉంది. తండ్రి తడి కళ్ళనీ, కూతురి మెడలో గొలుసునీ, సింధూజనీ వరసగా చూశాడు.

ఏమైందని అతను అడగలేదు. మీరిక్కడేం చేస్తున్నారనీ అడగలేదు.

"చెప్పేశారా నాన్నా?" అన్నాడు.

సింధూజ భర్త దగ్గరికి నడిచి, అతని ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"సింధూ, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. బయట జనం ఉన్నారు."

"ఎప్పటి నుంచి సాకేత్?"

"వెనక పళ్ళు రాలేదని కాలేజీ రోజుల్లో ఎక్స్‌రే తీస్తే కనపడింది. పైకి ఏమీ లేదు, లోపలే కొంచెం మచ్చలున్నాయి. నాన్న అప్పుడే చెప్పారు." దండలోంచి ఒక పువ్వు తెంపి నలిపాడు. "మన పెళ్ళికి ముందే. చెబితే నువ్వు ఒప్పుకోవేమోనని... తరవాత కౌముది పుట్టింది, బాగానే ఉంది కదా అనుకున్నాను. ఆ తరవాత ఎలా చెప్పాలో తెలియలేదు."

సింధూజ వింటోంది. బఠానీల పాఠం చెప్పిన మనిషి భయపడ్డాడంటే ఆయన పడ్డ బాధ అలాంటిది, ఎప్పటికైనా క్షమించగలదేమో. ఈ మనిషి మాత్రం తన పక్కనే పడుకున్నాడు. బాపు చేను వదిలేసిన రాత్రి ఆమె ఏడుస్తుంటే వీపు నిమిరి, "మీ నాన్న తెలియక చేశాడులే, బాధపడకు" అన్నాడు. ఓదార్చాడు.

"చెప్తే ఒప్పుకోకపోదునా?" అంది. "బుగ్గలకు భయపడి నిన్ను ఇడిసిపెడుదునా? నేను పత్తి చేన్ల పెరిగినదాన్ని సాకేత్, నాకు పురుగంటే భయం లేదు, పామంటే భయం లేదు. నువ్వు నన్ను ఓదార్చినవు చూడు, గదే నాకు భయమైతున్నది."

"సింధూ, ప్లీజ్."

"మా బాపుతోని మాట్లాడు. ఇప్పుడే. నీ నోటితోని చెప్పు."

ఆమె తండ్రి నంబరు కలిపి, మళ్ళీ స్పీకర్ పెట్టి ఫోన్ అతని ముందుకు చాపింది. రింగవుతోంది. సాకేత్ ఫోన్ వంక చూశాడు, తండ్రి వంక చూశాడు, చెయ్యి మాత్రం దండని వదల్లేదు. అటు వేదిక మీద రవికాంత్ మైకులో, "గురువుగారినీ, వారి కుటుంబ సభ్యులనీ సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అంటున్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి.

"హలో... బిడ్డా?" అంది ఫోన్‌లో లక్ష్మీనర్సయ్య గొంతు. "హలో, ఇనొస్తలేదు బిడ్డా. ఏమైంది?"

సాకేత్ చెయ్యి కదల్లేదు. తాతయ్య చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని కౌముది ముందుకొచ్చింది. తల్లి చేతిలోని ఫోన్ లాక్కుని, రెండు చేతులతో పట్టుకుంది.

"తాతా! నేను కౌముదిని. నా బుగ్గలు నీ మందులతోని రాలేదంట. ఈ తాతయ్యవంట. డాడీక్కూడా లోపల ఉన్నయంట, పెళ్ళికి ముందే ఎరుకంట. నువ్వు ఇగ రావొచ్చు, జామపండ్లు తీస్కొని రా."

అవతల ఆయన ఊపిరి వినిపిస్తోంది. శ్రీనివాసరావు కళ్ళు మూసుకున్నారు. సింధూజ పెదవి కొరుక్కుంటూ ఆ ఫోన్ వంకే చూసింది. తండ్రి ఏడుస్తాడేమోనని ఆమె భయం.

ఆయన ఏడవలేదు. ఈ రెండేళ్ళల్లో ఎప్పుడూ వినని గొంతు ఒకటి ఆ ఫోన్‌లోంచి వచ్చింది. అది పాత లక్ష్మీనర్సయ్య గొంతు, కూలి ఎగ్గొట్టబోయిన సేట్‌ని జనగామ మార్కెట్ మధ్యలో నిలబెట్టి అడిగిన మనిషి గొంతు.

"సంబురం బిడ్డా. మీ తాతయ్య పెద్దమనిషి, ఆయన సంగతి తర్వాత. ఇప్పుడే బస్సెక్కుతున్న, ఉప్పల్‌ల దిగి వస్త. మీ నాయినను ఏడికీ పోవద్దను."